రోబో చూడని వీపు

పదవీ విరమణ సభలో నాకు శాలువా కప్పి, నా పేరు తప్పు చదివారు. ముప్పై రెండేళ్లు హాజరు పట్టీలో వసుంధర అని ఉన్న మనిషిని వసుమతి అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి సరిదిద్దాను. రెండోసారి చప్పట్లు కాస్త తగ్గాయి.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఫిజియోథెరపీలోకి కొత్తగా వస్తున్న మీరు ఎవరి మాట వింటున్నారో మీకు తెలియాలి. నేను మరిచిపోయే మనిషిని కాను. నా దగ్గర ఒక నీలం ఫైలు ఉంది. నేను పైవాళ్లకు రాసిన ప్రతి ఫిర్యాదుకూ నకలు అందులో ఉంది. కొన్నింటికి జవాబులు కూడా ఉన్నాయి. అవి బాగా పలచన.

మా పని ఏమిటని అడిగితే కాళ్లూ చేతులూ ఆడించడం అంటారు జనం. అసలు పని చూడటం. మనిషి ఒళ్లు మహా టక్కరిది. ఒకచోట చేతకాని పనిని ఇంకోచోటు నుంచి అరువు తెచ్చుకుని కానిచ్చేస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషిని ఎదురుగా ఉన్న గ్లాసు అందుకోమనండి. మోచేయి చాచలేడు కాబట్టి నడుము ముందుకు వంచుతాడు. గ్లాసు అందుతుంది. ఇంటివాళ్లు సంతోషిస్తారు, మీరూ సంతోషిస్తారు. నిజానికి చెయ్యి ఉన్నచోటే ఉంది, మనిషే వెళ్లాడు. నడుముకు ఆ అలవాటు పడితే మోచేయి ఇక నేర్చుకోదు. దానికేం ఖర్మ, పని జరిగిపోతోంది కదా!

ఈ సంగతి నాకు కాలేజీలోనే చెప్పారు. అయినా ఒకసారి నా కళ్లముందే, నా గదిలోనే, నా వల్లనే తప్పిపోయింది. అదే ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయడానికి వస్తేగా.

దానికి ఏసీ, నాకు స్టూలు

హైటెక్ సిటీ చుట్టూ అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. మోతీనగర్‌లో మా వీధి నిండా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు గదులు అద్దెకిస్తామని బోర్డులే. నేను పనిచేసే పునరావాస కేంద్రం జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌కు దిగే వాలులో ఉండేది. కంప్యూటరు లేని వైద్యం ఇక వైద్యమే కాదని మా పెద్ద డాక్టరు గారి చెవిలో ఎవరో ఊదారు.

ఒక సోమవారం నా గదికి వెళ్లేసరికి కిటికీ పక్కన పదకొండేళ్లుగా నేను కూర్చున్న కుర్చీ లేదు. ఆ చోట బల్ల మీద ఒక ఉక్కు చెయ్యి, దాని చివర పిడి. రోగి తన బలహీనమైన చేతిని ఆ పిడికి కట్టించుకుని, ఎదుటి తెర మీద వేలాడే మామిడికాయలు కోయాలి. చెయ్యి ఎంత సాగితే అంత దూరపు కాయ దక్కుతుంది. సాగనిచోట యంత్రం కాస్త తోస్తుంది. గోడలకు రెండు కెమెరాలు. రోగి మణికట్టు మీద, మోచేయి మీద, భుజం మీద, ఛాతీ మీద గోళీకాయంత మెరిసే బంతులు అంటిస్తే కెమెరాలు వాటిని చూసి ఒంట్లో ఏ భాగం ఎంత కదిలిందో లెక్క కట్టి మార్కులు వేస్తాయి.

"నా కుర్చీ ఏదండీ?" అని అడిగాను.

"రోబోకు చోటు చాలలేదు మేడం. మీకు స్టూలు వేయించాం కదా" అన్నారు పెద్ద డాక్టరు గారు.

గదికి ఏసీ కూడా పెట్టించారు. పదకొండేళ్లుగా నేను అడుగుతున్న ఏసీ. రోబోకు వేడి పడదట. ఫిర్యాదు రాశాను. నకలు ఉంది.

రోబోతోపాటు మాదాపూర్ కంపెనీ నుంచి కిరణ్ అనే ఇంజనీరు వచ్చాడు. నిండా పాతికేళ్లు ఉండవు. మెడలో తాడు, తాడుకు కార్డు. కెమెరాల లెక్కలన్నీ అతనే రాశాడు. మొదటిరోజే నాకు పని నేర్పాడు.

"మీరు బాల్స్ అంటిస్తే చాలు ఆంటీ. మిగతాదంతా సిస్టమ్ చూసుకుంటుంది."

ఆంటీ అన్నందుకు కాదు నాకు కోపం వచ్చింది. అందుకూ వచ్చింది. కానీ "అంటిస్తే చాలు" అన్నందుకు ఎక్కువ వచ్చింది.

రోగి నడుము వంగకుండా కుర్చీకి బెల్టు ఉండాలని చెప్పాను. వారం రోజులు కట్టాం. కేంద్రం ప్రచారానికి ఫోటోలు తీయడానికి ఫోటోగ్రాఫరు వచ్చి వెళ్లాక పెద్ద డాక్టరు గారు దాన్ని తీయించేశారు. "ఫోటోల్లో పేషెంటును కట్టేసి కొడుతున్నట్టుంది మేడం" అన్నారు. ఇది కూడా ఫైలులో ఉంది.

ఛాతీ మీద క్షవరం

భుజానికి బంతి అంటించాలి కాబట్టి మగవాళ్లు చొక్కా విప్పి కూర్చునేవారు. మణికట్టు, మోచేయి, భుజం సులువే. ఛాతీ దగ్గర వచ్చింది చిక్కు. వెంట్రుకల మీద అది నిలవదు. పది నిమిషాలకోసారి ఊడి బల్ల కిందికి దొర్లుతుంది, నేను వంగి వెతకాలి. గట్టిగా అంటిస్తే తీసేటప్పుడు రోగి పెట్టే కేక రోడ్డు దాకా వినిపించేది.

కిరణ్‌కు చెప్పాను. అతను తెర మీద నుంచి కళ్లు కూడా తిప్పలేదు. "అక్కడ కొంచెం షేవ్ చేసి అంటించండి ఆంటీ."

ఆ సాయంత్రం పేజీన్నర రాశాను. క్షవరం నా విధుల్లో లేదన్నాను. రోగి లేచాక కుర్చీ తుడిచే పని కూడా నా నెత్తినే పెట్టారనీ, అది నా పని కాదనీ రాశాను. ఆపైన ఇంకో వాక్యం రాశాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

కుర్చీ తుడిచే విషయంలో ఎవరూ పలకలేదు. ఛాతీ బంతి విషయంలో మాత్రం మూడు రోజులకే గెలిచాను. మూడు బంతులతోనే నడిచేలా కిరణ్ లెక్కలు మార్చేశాడు. ముప్పై రెండేళ్లలో నా ఫిర్యాదుకు అంత త్వరగా ఫలితం రావడం అదే మొదలు, అదే చివర.

యాదగిరి

యాదగిరి కృష్ణానగర్‌లో ఉండేవాడు. సినిమాల్లో తాళ్ల మనిషి. హీరో గాల్లో ఎగిరి పదిమందిని తన్నుతాడు చూడండి, ఆ తాడు కప్పీ మీదుగా కిందికి వస్తే నలుగురు మనుషులు పట్టుకుని ఉంటారు. అందులో మొదటి చెయ్యి యాదగిరిది. ఇరవై ఏళ్లుగా అదే పని. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పిడికిలి కొంత తిరిగొచ్చింది కానీ మోచేయి సాగడం లేదు.

భార్య సుజాత రోజూ వెంట వచ్చేది. వచ్చిన మొదటిరోజే యాదగిరి తన సంగతి తేల్చేశాడు.

"మేడం, నాకు కాగితం గావాలె. చెయ్యి మంచిగైందని. అది లేకుంటే యూనియనోళ్లు తాడు ముట్టనియ్యరు."

"ముందు చెయ్యి సంగతి చూద్దాం. కాగితం తర్వాత."

"చెయ్యి అదే వస్తది మేడం. కాగితమే రాదు."

"నీ మొగుడు మాటకారి" అన్నాను సుజాతతో.

"మాటలకు పక్షవాతం రాలే అక్కా" అంది.

కాగితం ఇవ్వాలంటే చెయ్యి పరీక్షించినట్టు నా సంతకం ఉండాలి. పెద్ద డాక్టరు గారు దాని కింద ముద్ర వేస్తారు.

మూడు వారాలు తిరిగేసరికి యాదగిరి తెర మీద చెట్టు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. చిట్టచివరి కాయ కూడా కోసేవాడు. మార్కులు తొంభై దాటాయి. కిరణ్ తన ఆఫీసు నుంచి ఇద్దరిని తీసుకొచ్చి చూపించాడు. "యాదగిరి గారు రాకెట్ అండీ" అన్నాడు. పెద్ద డాక్టరు గారు ఆ గీతలను పెద్దగా అచ్చు వేయించి గోడకు తగిలించారు. ఇంకో మూడు రోబోలకు పెట్టుబడి పెట్టేవాళ్లు శుక్రవారం వస్తున్నారనీ, వాళ్ల ముందు యాదగిరి మామిడికాయలు కోస్తాడనీ, అక్కడే అతని చేతికి కాగితం ఇస్తామనీ ప్రకటించారు. నా సంతకం ఎప్పుడు కావాలో కూడా చెప్పారు. అడగలేదు, చెప్పారు.

తుడవడానికి ఏమీ లేని కుర్చీ

ఎండాకాలం. చెమటకాయలకు భయపడి రోగులందరూ వీపు నిండా పౌడర్ కొట్టుకుని వచ్చేవారు. రోబో ముందున్న కుర్చీకి నల్ల రెగ్జిన్ వీపు. ఎవరు లేచినా దాని మీద తెల్లగా వీపు ముద్ర పడేది. అది తుడవడం నా పనే అయింది కదా. తిట్టుకుంటూ తుడిచేదాన్ని.

యాదగిరి లేచాక మాత్రం తుడవడానికి ఏమీ ఉండేది కాదు. ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను. ఒక మంచి రోగి దొరికాడని లోలోపల మెచ్చుకున్నాను కూడా. మూడు వారాలు మెచ్చుకున్నాను!

బుధవారం నాడు సుజాత కారిడార్‌లో యాదగిరి వీపుకు పౌడర్ కొడుతోంది. సున్నం వేసినట్టు కొట్టింది. అతను లోపలికొచ్చి, చెట్టు దులిపి, తొంభై మూడు మార్కులు తెచ్చుకుని లేచాడు. నేను గుడ్డ పట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్లాను. నల్ల రెగ్జిన్ నల్లగానే ఉంది.

గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వీపు కుర్చీకి ఆననే లేదు.

అప్పడం

గురువారం పొద్దున క్యాంటీన్ నుంచి వేయించిన అప్పడాలు నాలుగు తెప్పించాను. యాదగిరిని కూర్చోబెట్టి, తలుపు వేసి, అతని వీపుకూ కుర్చీకీ మధ్య ఒకటి నిలబెట్టాను.

"గిదేంది మేడం?"

"అప్పడం."

"అది నాకూ ఎరుకే. ఈపుకెందుకు?"

"కింద పడొద్దు, పగలొద్దు. ఇగ మామిడికాయ కొయ్యి."

మొదటి కాయ, దగ్గరిది, కోశాడు. రెండోదానికి చెయ్యి చాపాడు. ఫట్. అప్పడం నేల మీద నాలుగు ముక్కలైంది. సుజాత పకపకా నవ్వింది. రెండోది పెట్టాను. ఫట్. మూడోది కూడా పోయాక ఆమె నవ్వు ఆగిపోయింది.

యాదగిరి కాలితో ముక్కలను పక్కకు నెట్టాడు.

"నేను దొంగతనం చెయ్యలే మేడం. కెమెరాలు ఏడున్నయో వచ్చిన దినమే చూసిన. చెయ్యి ముంగటికి వోతే వాటికి ఖుషీ. ఇచ్చిన. ఇరవై ఏండ్ల సంది కెమెరాకు ఏం గావాల్నో గదే ఇచ్చుడు నా పని. గుద్దు తాకకున్నా తాకినట్టు కొడతరు చూడు, గట్లనే. గిది గూడ గంతే అనుకున్న."

"మరి తాడు గూడ పట్టినట్టు పడతవా?"

"నలుగురం ఉంటం మేడం. ముగ్గురు గట్టిగ పడతరు. నేను ముంగట నిలవడతె సాలు."

సుజాత లేచి వచ్చింది. "పైన ఏలాడేది ఎవరో అక్కకు చెప్పినవా?"

అతను మొహం తెర వైపు తిప్పుకున్నాడు.

"మా తమ్ముడు అక్కా" అంది నాతో. "హీరోకు డూపు. బావ తాడు పడితెనే ఎక్కుతనంటడు. వచ్చే వారం షూటింగు. మూడంతస్తుల సెట్టు."

నాలుగో అప్పడం ప్లేటులోనే ఉండిపోయింది. ఎవరికీ తినబుద్ధి కాలేదు.

నా సంతకమే

నేరుగా పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లాను. కిరణ్ అక్కడే ఉన్నాడు. విషయం చెప్పి, శుక్రవారం సంతకం పెట్టనన్నాను.

"రోబో వచ్చినప్పటి నుంచీ మీకిది నచ్చలేదు మేడం" అన్నారు పెద్ద డాక్టరు గారు. "కుర్చీ పోయిందని మీ బాధ."

"కుర్చీ పోయిన బాధ ఉందండీ. చెయ్యి రాలేదన్నది కూడా నిజమే."

"తొంభై మూడు మార్కులు వచ్చాయి కదా!"

"అవి నడుముకు వచ్చిన మార్కులు."

కిరణ్ ముందుకు జరిగాడు. లాప్‌టాప్ తెరిచి ఏదో వెతికాడు. అతను నెమ్మదిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

"నడుము వంగితే ఛాతీ బాల్ ముందుకొస్తుంది సార్. అప్పుడు మార్కులు కోసేయాలి. మొదట్లో ఆ లెక్క పెట్టాను. తర్వాత ఛాతీ బాల్ వద్దని లెటర్ వచ్చింది. అందుకని తీసేశాను." ఒక కాగితం నా ముందు పెట్టాడు. "మీ లెటరే అండీ."

ఇందాక తర్వాత చెబుతానన్న వాక్యం అందులో ఉంది. "ఛాతీ బంతి వల్ల చికిత్సకు ఒరిగేదేమీ లేదని నా సుదీర్ఘ అనుభవం చెబుతోంది." కింద నా సంతకం. అందమైన సంతకం.

నా అనుభవం అలాంటిదేమీ చెప్పలేదు. పైగా బెల్టు కోసం పోట్లాడిన మనిషిని నేనే. క్షవరం తప్పించుకోవడానికి, ఆంటీ అన్నవాడి మీద గెలవడానికి, అనుభవం అనే మాటను అడ్డం పెట్టుకున్నాను. అతను ఆ బంతి ఎందుకుందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. నేను వద్దన్నాక ఎందుకు వద్దో అతనూ అడగలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా కాగితాలతో మాట్లాడుకున్నాం. మధ్యలో మూడంతస్తుల ఎత్తున ఒక మనిషి వేలాడబోయాడు.

మీరు ఫిర్యాదులు రాయండి. రాయకపోతే ఎవరూ పట్టించుకోరు. మీకు జరిగిన అవమానం ఎంత ఉంటే అంత రాయండి, ఒక్క అక్షరం తగ్గించవద్దు. కానీ దానికి బలం కావాలని రోగి ఒంటి గురించి అబద్ధం కలపకండి. ఎవరైనా నమ్మేస్తారు.

ఆ మధ్యాహ్నం కొత్త రేజరు పట్టుకుని యాదగిరి ఛాతీ మీద రూపాయి బిళ్లంత మేర నా చేతులతో నేనే గీశాను.

"తిరుపతిల గుండు గీసినప్పుడు గూడ గింత భయపడలే మేడం."

"కదలకు."

బంతి అంటించాను. కిరణ్ పాత లెక్క తిరిగి పెట్టాడు. తొంభై మూడు ముప్పై ఒకటైంది. యాదగిరి చొక్కా వేసుకుని వెళ్లిపోయాడు.

నా మీద ఒకటి

శుక్రవారం అతను రాలేదు. ఒక కవరు వచ్చింది. యూనియన్ ఆఫీసులో ఎవరిచేతో రాయించినట్టున్నాడు, భాష గట్టిగా ఉంది. "సదరు వసుంధర మేడం గారు కక్ష గట్టి నా మార్కులు కోసి, అప్పడముల పేరిట నన్ను అవమానపరచినారు." పెద్ద డాక్టరు గారు దానికి నకలు తీయించి స్వయంగా తెచ్చి ఇచ్చారు. "మీ ఫైలులో పెట్టుకోండి మేడం" అన్నారు. ఉద్యోగంలో ఆయన అంత ఆనందంగా నవ్వడం నేను చూసింది అప్పుడే. నా పేరు మాత్రం అందులో సరిగ్గా రాశారు. అది ఒప్పుకోవాలి.

పెట్టుబడి పెట్టడానికి వచ్చినవాళ్లు టీ తాగి వెళ్లారు. మూడు రోబోలు రాలేదు. ఆ తర్వాత ఏ సభలోనూ నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టలేదు.

షూటింగులో మొదటి చెయ్యిగా ఇంకొకరు పట్టారు. ఏమీ కాలేదు. పది రోజుల తర్వాత సుజాత అతన్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. వస్తూనే అన్నాడు.

"చూసినవా మేడం, ఏం గాలే. నన్ను ఊకనే ఆపినవు."

"ఏం కాకపోవుడే గద నీ పని. కూసో."

మళ్లీ మొదటి కాయ నుంచి మొదలుపెట్టాం. వీపు వెనక అప్పడం, ఛాతీ మీద బంతి. నెలన్నర పాటు రెండో కాయ దాటలేదు. రోజుకు ఎన్ని అప్పడాలు పగిలాయో చెప్పలేను. క్యాంటీన్ వాళ్లు మా గదిలో ఎవరికో వేవిళ్లు అనుకున్నారట.

ఒకరోజు కిరణ్ చిన్న రికార్డరు పట్టుకొచ్చి, అప్పడం పగిలే చప్పుడు ఎక్కించుకుని వెళ్లాడు. మర్నాటి నుంచి ఛాతీ ముందుకు జరిగితే చాలు, తెరలోంచి ఫట్ మనేది. కాయ చెట్టు మీదే ఉండిపోయేది. "బాగుందా మేడం?" అని అడిగాడు. ఆంటీ అనలేదు. బాగుందన్నాను. తర్వాత ఆ చప్పుడును తన కొత్త ఆలోచనగా వాళ్ల ఆఫీసులో చూపించుకున్నాడని తెలిసింది. అప్పడం ఎవరిదో చెప్పలేదట. దాని మీద రాసిన ఫిర్యాదు నకలు కూడా ఉంది.

మళ్లీ ఎండలు వచ్చేసరికి యాదగిరి చివరి కాయకు ముందు కాయ దాకా వచ్చాడు. ఫట్ మనకుండా. తాడుకు ఇసుక సంచి కట్టి పట్టించి చూశాను, రోజుకు కొంచెం ఎక్కువ బరువుతో, వారం పాటు. అప్పుడు కాగితం రాశాను. మూడో మనిషిగా తాడు పట్టవచ్చు, మొదటి మనిషిగా ఇప్పుడే వద్దు.

సుజాత చదివి వినిపించింది. యాదగిరి చివాల్న తలెత్తాడు.

"మొదటి చెయ్యి నాది మేడం."

"ఫిర్యాదు రాయి."

ఒక్క క్షణం నా వైపు గుర్రుగా చూశాడు. తర్వాత ఇద్దరం ఒకేసారి నవ్వాం. అతనింకా చొక్కా వేసుకోలేదు, కుర్చీలోనే ఉన్నాడు. నేను కాగితం చాపాను. దగ్గరికి ఇవ్వలేదు. చెయ్యి పూర్తిగా చాస్తే తప్ప అందనంత దూరంలో పట్టుకున్నాను. అతనికి అర్థమైంది. కుడిచెయ్యి లేపాడు. మోచేయి నెమ్మదిగా, వణుకుతూ, తలుపు గడియ జరిగినట్టు కొంచెం కొంచెంగా తెరుచుకుంది. వేళ్లు కాగితం అంచును పట్టుకున్నాయి.

"ఇగ ఇడువు మేడం" అన్నాడు.

వదిలాను.

వాళ్లు వెళ్లాక అలవాటుగా గుడ్డ పట్టుకుని కుర్చీ దగ్గరికి వెళ్లాను. నల్ల రెగ్జిన్ మీద భుజాల నుంచి నడుము దాకా వెడల్పాటి తెల్లని ముద్ర. గుడ్డ మడిచి పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. కుర్చీ తుడవడం నా పని కాదని అంతకుముందే రాసిచ్చాను. నకలు ఉంది.